కాల్షియం తలుపుల ధ్యానం

పదేళ్ళ వయసు వరకు నాకు రెండు పేర్లుండేవి. ఒకటి బడిలో హాజరు పిలిచేటప్పుడు వినిపించేది. రెండోది ఇంట్లో అందరూ వాడేది, పరాకు. "ఒసేయ్ పరాకూ, గ్లాసుడు మంచినీళ్ళు పట్టుకురావే" అని నాన్నమ్మ వీధరుగు మీంచి కేకేసేది. నేను వెళ్ళేదాన్ని. గ్లాసు చేతిలో ఉండేది, బిందె ఎదురుగా ఉండేది, నేను మాత్రం నీళ్ళు ముంచకుండా బిందె వంక చూస్తూ నిలబడిపోయేదాన్ని. కాసేపటికి కదిలి, ఏమీ జరగనట్టు నీళ్ళు తెచ్చి ఇచ్చేదాన్ని. నా మటుకు నాకు నిజంగానే ఏమీ జరగలేదు. అసలు గొడవంతా అక్కడే ఉంది.

లోపలి నుంచి అది ఎలా ఉంటుందని తర్వాత చాలామంది అడిగారు. చెప్పడానికేమీ లేదు. అమ్మ "రేపు పొద్దున్నే లేచి తలంటుకుని" అని మొదలుపెట్టేది. ఆ వెంటనే నాకు వినబడే మాట "అందుకని నాన్నకి చెప్పకు" అయ్యేది. మధ్యలో ఏం పోయిందో తెలియదు. పోయిందన్న సంగతే తెలియదు. నాన్నకి ఏం చెప్పకూడదో తెలియక, ఎందుకైనా మంచిదని నేను నాన్నతో అసలేమీ చెప్పేదాన్ని కాదు. దాంతో పొగరన్న పేరు కూడా వచ్చింది.

నా పరాకుకి కారణం మా చుట్టాల్లో తెలియనివాళ్ళు లేరు. తెలిసినవాళ్ళు ఇద్దరు ఒకచోట చేరితే కారణాలు మూడయ్యేవి. పెద్దమ్మ నులిపురుగులంది. మావయ్య టీవీ అన్నాడు, టీవీ చూస్తూనే. నాన్నమ్మ దిష్టని తేల్చి, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసి, ఘాటు రాలేదు కాబట్టి దిష్టేనని రుజువు కూడా చూపించింది. మా నాన్న మాత్రం ఏ సిద్ధాంతమూ చెప్పలేదు. కడియంలో మాకు నర్సరీ ఉంది. ఆయనకి మామిడి అంట్లు, గులాబీ కొమ్మలు, మొక్కలెత్తుకుపోయే లారీలు, ఇవే లోకం. ఆకు ముడుచుకుంటే ఏ రోగమో దూరం నుంచే చెప్పగలడు. కూతురు ముడుచుకుంటే "ఎదిగే పిల్ల కదా" అనేవాడు.

బడిలో టీచరు గారు మరీ సూటిగా ఉండేవారు. "శరీరం ఇక్కడ, మనసు కాకినాడలో" అని నన్ను బెంచీ ఎక్కించేవారు. బెంచీ మీద కూడా నాకు అదే వచ్చేది. దానివల్ల నా పరాకు ఎత్తు పెరిగింది తప్ప తగ్గలేదు.

అలాంటి రోజుల్లో మా బడికి యోగా మాస్టారు వచ్చారు. పొడుగాటి మనిషి, తెల్ల లాల్చీ, మెడలో రుద్రాక్షలు, చేతిలో ఖరీదైన ఫోను. అంతకుముందు ఆయన రాజమండ్రిలో ఇన్సూరెన్సు చేసేవారని అనేవారు. మనిషికి పై లోకం మీద నమ్మకం కలిగించడంలో ఆ అనుభవం బాగానే పనికొచ్చి ఉండాలి. మమ్మల్ని గ్రౌండులో వరసగా కూర్చోబెట్టి, ముక్కుతో గట్టిగా, వేగంగా గాలి పీల్చి వదలమన్నారు. "ఇంకా! ఇంకా వేగం! పొట్ట కదలాలి!" పిల్లలందరూ కొలిమి తిత్తుల్లా బుసలు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ తర్వాత నాకు తెలిసింది ఒక్కటే. గ్రౌండంతా నిశ్శబ్దంగా ఉంది, అందరూ నావైపే చూస్తున్నారు, మాస్టారు నా ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. బెంచీ ఎక్కమంటారేమోనని లేవబోయాను.

"కూర్చోమ్మా, కూర్చో," అన్నారాయన చాలా మెత్తగా. నన్ను బడిలో ఎవరూ ఎప్పుడూ అంత మెత్తగా పిలవలేదు. పిల్లల వైపు తిరిగి, "చూశారా? కళ్ళు తెరిచే ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. చేయి ఊపితే చూడలేదు. పెద్ద పెద్దవాళ్ళు ముప్ఫయ్యేళ్ళు కూర్చున్నా రాని ధ్యానం ఈ పాపకి మొదటి రోజే వచ్చేసింది" అన్నారు.

టీచరు గారు వెనక నిలబడి నోరు తెరిచారు. ఆ నోటితోనే నిన్నటిదాకా నన్ను మొద్దన్నారు పాపం.

సాయంత్రానికి మాస్టారు మా ఇంటికొచ్చారు. నాన్నమ్మకి పాదాభివందనం చేసి, "మీ ఇంట్లో ఏం పుట్టిందో మీకు తెలియట్లేదండి" అన్నారు. నాన్నమ్మ కళ్ళొత్తుకుంది. "నాకు తెలుసండి. ఇది కడుపులో ఉండగా దీని తల్లి అన్నవరం కొండ మెట్లెక్కింది. అప్పుడే అనుకున్నాను" అంది. అమ్మ వంటగదిలోంచి "బస్సులో వెళ్ళాం కదండీ అత్తయ్యగారూ" అంది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. చరిత్ర రాసేటప్పుడు ఇలాంటివి వదిలేయాలి.

ఆ రోజు నుంచి ఇంట్లో నన్ను పరాకని పిలవడం మానేశారు. జరుగుతున్నది అదే. బిందె ముందు అలాగే నిలబడిపోయేదాన్ని. కాకపోతే ఇప్పుడు నాన్నమ్మ కేకలెయ్యకుండా, గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని, నేను తిరిగొచ్చేదాకా దాహంతో ఆగేది. నాకు ఆ మార్పు నచ్చలేదని చెబితే అబద్ధం. దోసెల్లో మొదటిది నాకే వచ్చేది. లెక్కలు తప్పుచేసినా టీచరు గారు "పరవాలేదమ్మా" అనేవారు.

ఆదివారాలు పొద్దున్న మా నర్సరీలో, ఆకుపచ్చ షేడ్‌నెట్ కింద, మాస్టారి క్లాసు మొదలైంది. మొదట పదిమంది వచ్చారు. తర్వాత కడియపులంక నుంచి, ధవళేశ్వరం నుంచి కూడా రాసాగారు. ముందు పీట మీద నన్ను పట్టు పరికిణీతో కూర్చోబెట్టేవారు. మాస్టారు "ఊఁ, మొదలుపెట్టమ్మా" అనేవారు. నేను బుసలు కొట్టేదాన్ని. కాసేపటికి జనం ఒక్కసారిగా గాలి బిగబట్టేవారట, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేవారట. ఇవన్నీ వాళ్ళు చెప్తేనే నాకు తెలుసు. ఊరంతా చూసిన నా ధ్యానాన్ని చూడనిది నేనొక్కదాన్నే.

నేను కళ్ళు ఆడించగానే ప్రశ్నలు మొదలయ్యేవి. బోరులో నీళ్ళు పడతాయా, కోడలు నీళ్ళోసుకుంటుందా, లారీ ఆక్సిడెంటు కేసు కొట్టేస్తారా. ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు. ఒకావిడ ముందుకొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మా ఆయన వారం వారం యానాం పోతాడమ్మా. ఆ తాగుడు మానేలా చూడు తల్లీ" అంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు నేను. "నాకు ఆకలేస్తోందండి" అన్నాను.

జనంలో గుసగుస లేచింది. మాస్టారు కళ్ళు మూసుకుని, తెరిచి, "అన్నదానం చెయ్యమంటోంది" అని అర్థం చెప్పారు. ఆవిడ ఆ ఆదివారమే మా షెడ్డులో పులిహోర పంచింది. ఆ తర్వాత కొన్నాళ్ళు వాళ్ళాయన యానాం వెళ్ళలేదు. కాలు విరిగి మంచం మీద ఉన్నాడని తర్వాత తెలిసింది. కానీ మహిమ మహిమే. దారి ఏదైతేనేం.

వచ్చినవాళ్ళు ఊరికే వెళ్ళేవారు కాదు. తులసి, మారేడు, పారిజాతం, చేతికందిన మొక్కల్లా నా చేత ముట్టించుకుని కొనుక్కెళ్ళేవారు. కూతురి గురించి ఏ సిద్ధాంతమూ లేని మా నాన్న కూడా నెమ్మదిగా నమ్మడం మొదలుపెట్టాడు.

నమ్మనిది అమ్మ ఒక్కతే. అమ్మ ఎప్పుడూ వెనక వరసలో, కుండీల మధ్య నిలబడి నన్నే చూసేది. దండం పెట్టేది కాదు. ఒకరోజు నాకు జడ వేస్తూ, "ఏమే, ఆ టైములో నీకు ఏమన్నా కనపడుతుందా?" అని అడిగింది.

"లేదమ్మా."

"వినపడుతుందా?"

"లేదు."

"పోనీ హాయిగా ఉంటుందా?"

"ఏమీ ఉండదమ్మా. నేనే ఉండను."

అమ్మ చెయ్యి జడలో ఆగిపోయింది. "నీ రెప్పలు కొట్టుకుంటాయి," అంది మెల్లగా. "గాలిలో దీపంలాగా టపటపా కొట్టుకుంటాయి. పెదవి మూల కూడా అదురుతుంది. ధ్యానం చేసేవాళ్ళకి అలా ఎందుకవుతుందే?" ఆ ప్రశ్న అమ్మ మాస్టారిని కూడా అడిగిందట. "శక్తి పైకి పాకుతోందమ్మా, దాని ఒరిపిడి" అని ఆయన చెప్పారట. అమ్మ ఇంకేమీ అనలేదు. అనలేదు కాబట్టి ఒప్పుకుందని అందరూ అనుకున్నారు.

వర్షాకాలం మొదట్లో, బడి నుంచి సైకిలు మీద వస్తున్నాను. మా దారి కాలువ గట్టు మీదుగా వచ్చి ఒకచోట ఎడమకి తిరుగుతుంది. ఆ రోజు దారి తిరిగింది, నేను తిరగలేదు. తర్వాత నాకు తెలిసింది నీళ్ళ చల్లదనం, నోట్లో బురద, జుట్టు పట్టుకుని లాగుతున్న ఎవరిదో చెయ్యి. పక్క తోటలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి నన్ను గట్టెక్కించారు. సైకిలు మరునాడు దొరికింది.

ఇంటికి తెచ్చేసరికి మాస్టారు అక్కడే ఉన్నారు. సంగతంతా విని, తల పంకించి, "సైకిలు తొక్కుతూ కూడా ధ్యానంలోకి వెళ్ళిందంటే ఇది చాలా పై మెట్టండి" అన్నారు. నాన్నమ్మ నా తడి తల మీద చెయ్యి పెట్టి "గంగమ్మ తల్లి కూడా చూసి వదిలేసిందండి" అంది.

అమ్మ నా మీద తువ్వాలు కప్పి, వాళ్ళిద్దరి ముందుకీ వచ్చి నిలబడింది. మా అమ్మ మామగారి ఫొటో ముందు కూడా గొంతు పెంచని మనిషి. "మాస్టారూ, ఇంక చాలండి," అంది. "వచ్చే మెట్టేంటో నాకు తెలుసు. ఆ మెట్టు నా బిడ్డకి వద్దండి. మీరు దయచేయండి."

మరునాడు పుస్తకాలు కొనాలని నాన్నమ్మకి చెప్పి, అమ్మ నన్ను రాజమండ్రి తీసుకెళ్ళింది. ఆటోలో దారంతా నా చెయ్యి వదల్లేదు. పుస్తకాల కొట్టుకి కాక ఆస్పత్రికి వెళ్ళాం. అక్కడి నరాల డాక్టరు గారు నెరిసిన జుట్టున్న చిన్నపాటి మనిషి. అమ్మ చెప్పిందంతా మధ్యలో అడ్డురాకుండా విన్నారు. యోగా మాస్టారి సంగతి వచ్చినప్పుడు మాత్రం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత సొరుగులోంచి రంగు కాగితం గాలిచక్రం ఒకటి తీసి నా చేతికిచ్చారు.

"ఇది ఆగకుండా తిరుగుతూ ఉండాలి. ఊదుతూ ఉండు పాపా."

ఊదాను. తిరిగింది. ఇంకా ఊదాను.

నాకు తెలిసేసరికి చక్రం ఆగి ఉంది. అమ్మ కుర్చీలోంచి లేచిపోయింది. "ఇదేనండి! డాక్టరు గారూ, ఇదేనండి!" అంటోంది. డాక్టరు గారు "ఇందాక నేనో మాట చెప్పాను, ఏంటది?" అని నన్నడిగారు. నాకు తెలియదు. "ఏనుగు అన్నాను," అని చెప్పి నవ్వారు. "వేగంగా గాలి పీలిస్తే ఇలాంటి పిల్లలకి ఇది వస్తుందమ్మా. మేము దాన్ని పరీక్షకి వాడతాం. మీ మాస్టారు పూజకి వాడారు."

"అయితే ధ్యానం కాదాండి?"

"ఇదే ధ్యానమైతే నేనూ నేర్చుకుందునమ్మా. ఇది మూర్ఛలో ఒక రకం."

మూర్ఛ అన్న మాట వినగానే అమ్మ మళ్ళీ కూర్చుండిపోయింది. "మూర్ఛంటే కింద పడి కొట్టుకోవాలి కదండీ. నురగ రావాలి కదా. ఇది కింద పడదండి, ఒక్కసారి కూడా పడలేదు," అని బతిమాలింది, డాక్టరు ఒప్పుకుంటే జబ్బు పోతుందన్నట్టు. రాత్రి వరకు నేను దైవాంశ సంభూతురాలిని. పొద్దుటికి ఇక పెళ్ళి కాబోని మూర్ఛరోగిని. నా ఒంట్లో ఈలోగా మారింది ఏమీ లేదు.

తలకి తీగలు అంటించి పరీక్ష చేశారు. జుట్టు నిండా కొబ్బరినూనె ఉందని తీగలు అంటించే అమ్మాయి విసుక్కుంది. కోనసీమ చుట్టుపక్కల పిల్లల బుర్రల్లో ఏముందో తెలుసుకోవాలంటే ముందు ఆ నూనె దాటాలి మరి. తెర మీద గీతలు మామూలుగా, ఎవరి దారిన వాళ్ళు పోయే సంతలో జనంలా పోతున్నాయట. నేను ఊదుతుండగా ఒక్కసారిగా అన్ని గీతలూ ఒకే అడుగు వేయడం మొదలుపెట్టాయి. ఒక సూదిమొన, ఒక అల, మళ్ళీ సూదిమొన, మళ్ళీ అల. సెకనుకు మూడేసి. తల ముందూ వెనకా, కుడీ ఎడమా, అంతటా ఒకటే తాళం. తర్వాత అంతా మళ్ళీ సంత. డాక్టరు గారు ఆ గీతలు అచ్చయిన కాగితం అమ్మకి చూపించారు. అమ్మ చాలాసేపు చూసి, "ఎంత అందంగా ఉందండీ" అంది, ఏడుస్తూ.

డాక్టరు గారు మందు రాసిన చీటీ వెనక ఒక బొమ్మ గీశారు. మెదడు మధ్యలో థాలమస్ అని ఒక జంక్షన్ ఉందన్నారు. కళ్ళు, చెవులు, చర్మం పంపే వార్తలు దాని మీదుగానే పైకి వెళ్ళాలి. మామూలప్పుడు అక్కడి కణాలు వచ్చిన వార్తను ఒక్కొక్కటిగా, బుద్ధిగా పైకి అందిస్తాయి. ఒక్కోసారి అవి ఆ పని మానేసి, గుంపులు గుంపులుగా దడదడా పేలి, కాసేపు ఊరుకుని, మళ్ళీ పేలతాయి. ఆ కాసేపు పైకి ఏ వార్తా వెళ్ళదు. "అందుకే మీ అమ్మాయికి ఏమీ తెలియదు. నిద్రా కాదు, స్పృహా కాదు. జంక్షన్లో బళ్ళు ఆగిపోయాయంతే." ఎందుకలా అవుతుందని అమ్మ అడిగితే, "ఆ కణాల గోడల్లో కాల్షియం తలుపులుంటాయమ్మా. అవి అవసరానికి మించి తెరుచుకుంటున్నాయి" అన్నారు.

అమ్మకి కాల్షియం అన్న మాటొక్కటి పట్టుకుంది. ఇంటికెళ్ళే దారిలో పాలు మానిపించాలేమో అడగడం మర్చిపోయానని బాధపడింది.

ఇంట్లో ఆ మాట చెప్పిన సాయంత్రం సంగతి ఎక్కువ రాయను. "మూర్ఛా? మా ఇంటా వంటా లేదు. మీ పుట్టింటివైపు చూసుకో" అంది నాన్నమ్మ. ధ్యానం మాత్రం మా వంశానిదే. నాన్న "వచ్చే ఆదివారం జనానికి ఏం చెబుదాం?" అన్నాడు. అమ్మ మందు సీసా దేవుడి అలమరలో పెట్టి తాళం వేసి, తాళం మంగళసూత్రానికి కట్టుకుంది. ఇక ఆ సీసాని పారబోయాలంటే మా అమ్మని దాటాలి, దేవుణ్ణి కూడా దాటాలి.

మాస్టారు మళ్ళీ వచ్చారు. గేటు దగ్గరే నిలబడి, "ఇంగ్లీషు మందులు ఒకసారి మొదలెడితే మూడో కన్ను మూసుకుపోతుందండి" అన్నారు. "ఉన్న రెండూ తెరుచుకుని ఉంటే చాలండి" అంది అమ్మ. కానీ నాన్నా, నాన్నమ్మా కలిసి బతిమాలారు. ముందే మాట ఇచ్చిన ఆదివారం ఒకటుంది, ఏలూరు నుంచి ఒక బస్సు బయల్దేరుతోంది, కాదంటే బాగుండదు. ఆశ్చర్యంగా అమ్మ ఒప్పుకుంది. "రానీయండి. అందరూ చూడనీయండి," అంది.

మందు మొదలుపెట్టి ఆ ఆదివారానికి కొన్ని వారాలైంది. షేడ్‌నెట్ కింద జనం కిక్కిరిసి ఉన్నారు. పీట మీద కూర్చున్నాను. మాస్టారు సైగ చేశారు. బుసలు మొదలుపెట్టాను.

కాసేపయింది. ఇంకాసేపయింది. అంతసేపు ఆ జనాన్ని నేను మొదటిసారి చూస్తున్నాను. ముందు వరసలో ఒక ముసలాయన చెవిలో దూది. ఒక పిల్ల చేతిలో సగం కొరికిన జామకాయ. నాన్నమ్మ పెదవులు ఏదో జపిస్తున్నాయి. అందరి కళ్ళూ నా మొహం మీదే. వీళ్ళు ఇన్నాళ్ళూ నన్ను ఇలా చూసేవారన్నమాట! నాకు సిగ్గేసింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి, మూతి చుట్టూ చీమలు పాకినట్టుంది, తల తిరుగుతోంది. అయినా నేను అక్కడే ఉన్నాను. ఎక్కడికీ పోవడం లేదు.

"ఇంకా వేగంగా తల్లీ," అన్నారు మాస్టారు. ఆయన నుదుటి మీద చెమట కనిపించింది.

ఆఖరికి ఆపేశాను. "ఏమీ రావట్లేదండి," అన్నాను.

 వెనక నుంచి ఒక ముసలావిడ "వెళ్ళిపోయిందర్రా, అమ్మవారు వెళ్ళిపోయింది" అని నిట్టూర్చింది. మాస్టారు వెంటనే ఆ మాట అందుకున్నారు. శక్తి ఒక పాత్రలో ఎక్కువకాలం నిలవదని, త్వరలో ఇంకోచోట దిగుతుందని, ఎక్కడో తాను తెలియజేస్తానని ప్రకటించారు. జనం లేచి చీరలు దులుపుకున్నారు. ఏలూరు బస్సువాళ్ళు, వచ్చినందుకు తలా ఒక గులాబీ మొక్క కొనుక్కుని వెళ్ళారు. నాన్న ఆ తర్వాత మళ్ళీ మామిడి అంట్లలో పడ్డాడు. మాస్టారు ఇప్పుడు కాకినాడ దారిలో పెద్ద ఆశ్రమం కట్టుకున్నారు. నన్నడిగితే ఆయన మోసగాడేమీ కాదు. తను చూసింది నిజంగానే నమ్మాడు. మోసగాళ్ళతో వచ్చే నష్టం చిన్నది.

మర్నాడు మధ్యాహ్నం నాన్నమ్మ అరుగు మీద చిక్కుడుకాయలు వలుస్తూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. చాలా రోజులకి మొదటిసారి నా మొహంలోకి కాకుండా కాయల్లోకి చూస్తూ మాట్లాడింది.

"ఏమే, నిజంగా ఏమీ కనపడేది కాదా?"

"లేదు నాన్నమ్మా."

"వెలుగు లాంటిదేమీ లేదా? పోనీ చీకటన్నా?"

"చీకటి కూడా లేదు."

ఆమె ఒక కాయ వలిచింది, గింజలు పళ్ళెంలో వేసింది. "నేను నిన్ను చాలా అడిగానే, నువ్వలా ఉన్నప్పుడు," అంది. "మీ తాతయ్య బాగున్నాడా అని అడిగేదాన్ని. చెవిలో, ఎవరికీ వినపడకుండా."  అంతవరకు నాకు ఇదంతా ఆవిడ గొప్పలకి పోయి చేసిందనే ఉండేది. "పోన్లే," అని ఇంకో కాయ తీసుకుంది. "నీకు వినపడలేదు కదా. అదీ మంచిదే."

మందు కొన్నేళ్ళు వాడాను. పదో తరగతికి వచ్చేసరికి, చాలామంది పిల్లల్లో లాగే, ఆ జబ్బు దానంతటదే పోయింది. డాక్టరు గారు మందు నెమ్మదిగా తగ్గించి ఆపేశారు. నాకు మాత్రం చీటీ వెనక ఆయన గీసిన ఆ జంక్షన్ బొమ్మ మనసులోంచి పోలేదు. డిగ్రీ తర్వాత ఫిజియాలజీ చదివాను. అందులో ఇంకొంత ముందుకు పోయి, ఒక పెద్ద ఊళ్ళోని ప్రయోగశాలలో ఎలుక మెదడు పలచటి ముక్కల మీద పనిచేసే వాళ్ళ దగ్గర కొన్నాళ్ళు నేర్చుకున్నాను.

అక్కడ ఒకరోజు, వెంట్రుక కంటే సన్నని గాజు గొట్టంతో థాలమస్ కణాన్నొకదాన్ని పట్టుకోగలిగాను. కణంలోని విద్యుత్తు స్పీకరులో వినబడేలా కట్టి ఉంటుంది. ఆ విద్యుత్తు మట్టాన్ని కొద్దిగా పైకి ఎగదోస్తే కణం టప్, టప్, టప్ మని ఒక్కొక్కటే కొట్టింది. బుద్ధిమంతురాలు. తర్వాత నాకు పని నేర్పుతున్న మేడమ్ దాన్ని కాసేపు కిందికి అణిచి ఉంచి, వదిలేయమన్నారు. వదిలాను. దడదడదడమని ఒక్క గుక్కలో అయిదారు దెబ్బలు పేలి, టక్కున ఆగిపోయింది. 

విచిత్రం ఏంటంటే ఆ కాల్షియం తలుపులు కణం హుషారుగా ఉన్నంతసేపూ గడియపడి ఉంటాయి. ఎంత తట్టినా తెరుచుకోవు. కణాన్ని కాసేపు అణిచిపెడితేనే ఆ గడియ ఊడుతుంది. ఆ తర్వాత చిన్న కదలిక చాలు, తలుపులన్నీ కలిసి తెరుచుకుంటాయి, కాల్షియం లోపలికి విరుచుకుపడుతుంది. ఆ కెరటం మీద ఎక్కి, స్పీకరులో వినబడే ఆ సోడియం దెబ్బలు గుంపుగా పేలతాయి. అంతలో గడియలు మళ్ళీ పడిపోతాయి. పొటాషియం బయటికి పోయి కణాన్ని చల్లారుస్తుంది. అణిగిన కణాన్ని మెల్లగా పైకి లాగడానికి ఇంకో ప్రవాహం కూడా ఉంది. గుండెలో దాని అన్నదమ్ముని మొదట చూసినవాళ్ళు ఏమిటో అర్థం కాక వింత కరెంటని పేరు పెట్టారు. పైకి లాగాక మళ్ళీ అదే కథ. పక్కనున్న కణాలు దీన్ని అణచడం, ఇది పేలడం, పేలుడు విని అవి మళ్ళీ అణచడం. ఈ పోట్లాట తాళంలో పడితే సెకనుకు మూడు. నేను తాగిన మందు ఆ కాల్షియం తలుపులకి అడ్డం పడేది. ఇంతే సంగతి. ఏలూరు నుంచి బస్సు వేసుకొచ్చి దండం పెట్టింది దీనికే.

అయినా ఆ రోజు స్పీకరు దగ్గర నేను చాలాసేపు కూర్చున్నాను. చూడటం కుదరని నా బాల్యపు ముక్కల్ని మొదటిసారి నా చెవులతో వింటున్నాను. "ఏంటి, కణం పోయిందా?" అని మేడమ్ వచ్చి అడిగారు. "లేదండి, ఉంది" అన్నాను. ఆవిడ నా మొహం చూసి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. ఇద్దరం దాన్ని అణుస్తూ, వదులుతూ, అది అలిసి చచ్చిపోయేదాకా విన్నాం.

ఇప్పుడు గోదావరి జిల్లాల్లోనే ఒక వైద్య కళాశాలలో పాఠం చెబుతున్నాను. ఆ ప్రవాహాల పాఠం ఏటా మధ్యాహ్నం భోజనాల తర్వాతే పడుతుంది. పప్పూ ఆవకాయా తిని వచ్చిన పిల్లల కళ్ళు నా కళ్ళ ముందే మూతలు పడుతుంటాయి. మూర్ఛ కాదు, చెక్ చేశాను. మొన్న అమ్మ నా దగ్గరికొచ్చినప్పుడు, సాయంత్రం టీ తాగుతూ, ఆ పాఠమంతా ఓపిగ్గా చెప్పాను. గడియ, తలుపు, కెరటం, అన్నీ. అమ్మ చివరిదాకా విని, కప్పు కింద పెట్టి, "ఇంతకీ ఆ డాక్టరు గారు ఉన్నారా? ఒకసారి వెళ్ళి కనపడి రావాలే" అంది. ఉన్నారు, ప్రాక్టీసు మానేశారని చెప్పాను. ఆదివారం ఇద్దరం వెళ్ళాం. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. అమ్మని మాత్రం గుర్తుపట్టారు. పరీక్ష కాగితం మీద గీతలు చూసి ఏడ్చిన మనిషి ఈవిడొక్కతేనట.